పన్నెండు గంటల కూత

మా ఊరి కౌన్సిల్ మీటింగుల్లో డాక్టర్ చక్రపాణి గారు పదకొండేళ్ళుగా మాట్లాడింది ఒకే ఒక్క మాట. "సెకండ్."

ఊరంటే పెద్ద ఊరేం కాదు. వెస్ట్ వర్జీనియా కొండల మధ్య ఫెర్న్ గ్యాప్ అని, తొమ్మిది వందల మంది ఉండే చోటు. ఒక మేయరు, ఐదుగురు కౌన్సిల్ సభ్యులు. ప్రతినెలా రెండో మంగళవారం సాయంత్రం ఆరింటికి ఫైర్ స్టేషన్ పక్క గదిలో మడత కుర్చీలు వేసుకుని కూర్చుంటారు. ఎలుగుబంట్లు చెత్త డబ్బాలు దొర్లించేస్తున్నాయి, మూతలకు గొళ్ళేలు పెట్టించాలా వద్దా? జులై నాలుగో తారీకు ఊరేగింపులో మేకల్ని రానివ్వాలా? నీళ్ళ ట్యాంకుకి ఏ రంగు వెయ్యాలి? ఇవీ అక్కడి రాచకార్యాలు.

అక్కడొక పద్ధతి ఉంది. ఒక సభ్యుడు "ఇలా చేద్దామని ప్రతిపాదిస్తున్నాను" అన్నాక, ఇంకో సభ్యుడు "సెకండ్" అని బలపరచాలి. ఎవరూ అనకపోతే ఆ మాట అక్కడికక్కడే చచ్చినట్టు లెక్క, ఇక దానిమీద చర్చ కూడా ఉండదు. చక్రపాణి గారు దేన్నీ చావనివ్వరు. రెండు క్షణాలు అటూ ఇటూ చూస్తారు, ఎవరూ నోరు మెదపకపోతే తనే అనేస్తారు. ఒక ఏడాది మేకలు కావాలన్నదానికి ఆయనే సెకండ్, మరుసటి ఏడాది మేకలొద్దన్నదానికీ ఆయనే సెకండ్. పైగా బలపరిచిన నోటితో కాదనడం బాగుండదని, చెయ్యెత్తి ఓటు కూడా వేసేస్తారు. ఊళ్ళోవాళ్ళు ఆయన్ని ముద్దుగా "డాక్ సెకండ్" అంటారు. తన తరఫున ఒక్కటంటే ఒక్క ప్రతిపాదన చేసిన పాపాన పోలేదు.

ఎందుకంకుల్ ఇలా, అని ఒకసారి అడిగాను.

"ఒక మనిషి నలుగురిలో నోరు తెరిచి అడిగాక, ఆ మాటని అలా గాల్లో వదిలేస్తే ఏం బావుంటుందమ్మా? నాకు మొహమాటం," అన్నారు.

మొహమాటానికి పోతే కడుపొచ్చిందని సామెత. డెబ్బై ఎనిమిదేళ్ళ పెద్దమనిషితో ఆ సామెత అనలేక ఊరుకున్నాను. అనాల్సింది.

నా పేరు రచన. మేం ఈ ఊరొచ్చి రెండేళ్ళయింది. అంతకుముందు షాంటిలీలో ఉండేవాళ్ళం. నేనూ మా ఆయన రవీ ఇద్దరం సాఫ్ట్‌వేర్ మనుషులమే. గ్రీన్ కార్డు వచ్చింది, ఉద్యోగాలు ఇంటినుంచే చేసుకోవచ్చన్నారు, ట్రాఫిక్‌లో సగం జీవితం పోతోందని ఈ కొండమీద ఇల్లు కొనుక్కున్నాం. సామాను దింపుతుంటే మంచు ఎత్తే పార ఒకటి భుజాన వేసుకుని సన్నగా, పొడుగ్గా ఉన్న ఒకాయన పక్కింటినుంచి వచ్చారు. "ఇది లేకపోతే జనవరిలో మీరు గుమ్మం దాటలేరు," అన్నారు, చక్కటి తెలుగులో. పచ్చిమిరపకాయలకి రెండున్నర గంటలు డ్రైవ్ చెయ్యాల్సిన చోట తెలుగు మాట వినబడేసరికి నాకు ఏడుపొచ్చినంత పనైంది.

చక్రపాణి గారు ఈ ఊరొచ్చింది డెబ్బై ఏడులో. గనుల ఊరు, డాక్టరు లేడు, ఇంకెవరూ రామన్నారట. ఈయన వచ్చారు. ముప్పై ఏడేళ్ళు ఒక్కరే చూసుకున్నారు. ఊళ్ళో నలభై దాటనివాళ్ళలో సగం మంది ఆయన చేతుల్లోనే పుట్టారు. రిటైరయ్యాక ఇంట్లో కూర్చోనివ్వకుండా ఊరే తీసుకెళ్ళి కౌన్సిల్లో కూర్చోబెట్టింది. ఆయన భార్య భానుమతి గారు మేం రావడానికి ఒక ఏడాది ముందే పోయారు. కూతురు పద్మజ ప్లేనోలో ఉంటుంది, వచ్చెయ్ నాన్నా అని ప్రతి ఆదివారం ఫోన్‌లో పోరుతుంది. నేనూ ఆ అమ్మాయి పక్షమే. ఈ వయసులో ఒక్కరూ కొండమీద ఏం చేస్తారంకుల్, వెళ్ళండి, అనేదాన్ని.

"అక్కడ పన్నెండయిందని ఎలా తెలుస్తుందమ్మా?" అన్నారొకసారి.

జోకనుకుని నవ్వాను. నా తెలివి అంతవరకే.

ఫైర్ స్టేషన్ కప్పుమీద ఒక సైరన్ ఉంది. గనులు నడిచే రోజుల నుంచి మధ్యాహ్నం సరిగ్గా పన్నెండింటికి అది నిమిషం పాటు కూస్తుంది. అలా ఇలా కాదు, నాలుగు కొండలూ మారుమోగేలా. నేను మొదటిసారి విన్నప్పుడు ఏదో ఉపద్రవం వచ్చిందని బేస్‌మెంట్‌లోకి పరిగెత్తాను. తర్వాత అలవాటు పడ్డాను గానీ, మొన్న జనవరిలో మా అనిక పుట్టింది. పదకొండున్నరకి నానా తంటాలూ పడి దాన్ని పడుకోబెడతాను. కన్నంటుకోగానే పన్నెండవుతుంది. కూత. ఏడుపు. అదే టైమ్‌కి నాకు ఆఫీస్ కాల్. మూడు నెలలు భరించాను. నాకు అసలే కోపం ముక్కుమీద ఉంటుంది, నిద్రలేకపోతే చెప్పనక్కర్లేదు. చేతుల్లో ఫోన్లున్న కాలంలో పన్నెండయిందని ఊరంతటికీ కూసి చెప్పడం ఏమిటని కౌన్సిల్‌కి అర్జీ రాసిపడేశాను.

అంకుల్‌కి ముందే చెప్పాను కూడా. "సైరన్ ఆపించమని అడుగుతున్నానంకుల్, మీరేమంటారు?"

"అలాగేనమ్మా," అన్నారు. అంతే.

మే నెల మీటింగ్‌కి అనికని చంకనేసుకుని వెళ్ళాను. ఊరివాళ్ళు మాట్లాడ్డానికి మూడు నిమిషాలిస్తారు, కోడిపెట్ట ఆకారంలో ఉండే వంటింటి టైమర్ ఒకటి తిప్పి ఎదురుగా పెడతారు. రెండు నిమిషాల్లోనే చెప్పేశాను. వెస్లీ అని ఒక సభ్యుడు, ఇద్దరు పిల్లల తండ్రి, ఇకనుంచి సైరన్ మంటలప్పుడు తప్ప మోగకూడదని ప్రతిపాదించాడు. మేయర్ డోనా చుట్టూ చూసింది. ఎవరూ పలకలేదు. అందరూ బల్ల మీద కాగితాలు చూసుకుంటున్నారు. నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అనిక చిన్నగా ఏడుపు మొదలెట్టింది. చక్రపాణి గారు నన్ను చూశారు, దాన్ని చూశారు, తల దించుకున్నారు.

"సెకండ్," అన్నారు.

చేతులెత్తమంటే మూడు లేచాయి, రెండు లేవలేదు. లేచిన మూడింట్లో ఆయనదొకటి. నేను గెలిచాను.

తర్వాతి సోమవారం నుంచి కూత ఆగిపోయింది. అనిక రెండు గంటలు కదలకుండా పడుకుంది. నేను చాన్నాళ్ళ తర్వాత వేడివేడిగా అన్నం తిన్నాను. పది రోజులు హాయిగా గడిచాయి.

పదకొండో రోజు గుమ్మడికాయ పులుసు చేసి, అనికని స్ట్రోలర్‌లో వేసుకుని, అంకుల్ ఇంటికి వెళ్ళాను. ఒకటిన్నర దాటింది. ఆయన ఎండలో గేటు పట్టుకుని నిలబడి ఉన్నారు.

"భోజనం అయిందా అంకుల్?"

"పన్నెండయిందా అమ్మా?" అన్నారు.

చేతికి వాచీ ఉంది. ఫోన్ జేబులో ఉంది. నేను ఆ వాచీవైపు చూసేసరికి ఆయనే సిగ్గుపడి నవ్వి, లోపలికి రమ్మన్నారు. కుక్కర్‌లో అన్నం మెతుకు కదపకుండా అలాగే ఉంది. సింకు పక్కన నిన్నటి అన్నం గిన్నె కూడా అలాగే ఉంది. బలవంతంగా కూర్చోబెట్టి వడ్డించాను. రెండు ముద్దలు తిన్నాక, అడక్కుండానే చెప్పడం మొదలుపెట్టారు.

"మా భానుమతిది చీరాలమ్మా. వాళ్ళింటి దగ్గర పొగాకు కంపెనీ ఉండేది. దాని కూతకే వాళ్ళమ్మ ఎసరు పెట్టేదిట, కూతకే పిల్లలు బడినుంచి అన్నానికి వచ్చేవాళ్ళుట. ఇక్కడికి తీసుకొచ్చాక మొదటి నెల ఒక్క మాట మాట్లాడలేదు నాతో. కొండలు చూసి భయపడేది. మీరు నన్ను బావిలో దింపారు అంది. నేను పొద్దున్నే క్లినిక్‌కి పోతే ఎప్పుడొస్తానో తెలియదు. ఒకరోజు పన్నెండింటికి కూత మోగుతోంది, క్లినిక్ కిటికీలోంచి చూస్తే ఆవిడ పరిగెత్తుకుంటూ గేటు దగ్గరికొచ్చి నిలబడింది. ఏమైందోనని స్టెతస్కోప్ మెళ్ళోనే ఉంచుకుని మెట్లెక్కి వచ్చాను. నవ్వుతోంది. 'మా చీరాల కూతేనండీ' అంది. ఈ ఊళ్ళో ఆవిడ నవ్వడం అదే మొదలు."

క్లినిక్ వాళ్ళింటికి సరిగ్గా కింద, రోడ్డు పక్కన ఉంది. ఇప్పుడక్కడ పాత సామాన్ల కొట్టు పెట్టారు. అక్కడినుంచి వాళ్ళ గేటుకి యాభై నాలుగు రాతిమెట్లు.

"ఆరోజు నుంచీ అదొక పందెం. కూత మొదలవగానే నేను బయల్దేరాలి, ఆగేలోపు గేటు దగ్గరుండాలి. ఆవిడ గేటు దగ్గర నిలబడి చూస్తుండేది. నేను గెలిస్తే ఆవిడ వడ్డించాలి, ఓడిపోతే నేను. రోగులు కూడా నేర్చుకున్నారు. పన్నెండుకి రెండు నిమిషాలుండగానే 'యూ బెటర్ గో, డాక్' అనేవాళ్ళు. ముప్పై ఏడేళ్ళు. నేను రిటైరయ్యాక కూడా, ఇంట్లో ఉన్నా సరే, కూతకి ఇద్దరం గేటు దగ్గరికి వెళ్ళి నిలబడేవాళ్ళం."

కంచంలో చెయ్యి కదపడం మానేశారు.

"ఆవిడ పోయింది, నాకు తెలుసు. డాక్టర్ని, నేనే చూశాను. కానీ కూసినంతసేపూ ఉంటుందమ్మా. ఆ నిమిషం పాటు ఆవిడ గేటు దగ్గర ఉందనే ఉంటుంది నాకు. ఆగాక లేదని తెలుస్తుంది, అన్నం తినేస్తాను. రోజుకి ఒక్క నిమిషం. ఇప్పుడు అది ఎప్పుడొచ్చి వెళ్ళిపోతోందో తెలియట్లేదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన మీదో, నా మీదో, ఎవరిమీదో కూడా తెలియలేదు.

"మరి మీరు సెకండ్ ఎందుకన్నారంకుల్? నేను ముందే వచ్చి అడిగాను కదా! ఒక్క మాట చెప్తే నేను ఆ కాగితం చింపి అవతల పారేసేదాన్ని కదా!"

"చంటిపిల్లని ఎత్తుకుని నిలబడ్డావు. ఎవరూ పలకలేదు. మన పిల్ల మాట నలుగురిలో అలా పడిపోతుంటే చూస్తూ ఎలా కూర్చోను?"

ఈ మనిషిని ఏమని తిట్టాలి? ఇంటికొచ్చి వంటింట్లో నిలబడి ఏడ్చాను. రవికి ఇదంతా చెబితే, "నువ్వే పోయి బంద్ చేయించినవ్, ఇప్పుడు నువ్వే ఏడుస్తున్నవ్. మళ్ళ నువ్వే పోయి షురూ చేయించు," అన్నాడు. వాడి మాట ఎప్పుడూ వినను గానీ ఆరోజు విన్నాను.

మర్నాడే టౌన్ ఆఫీస్‌కి వెళ్ళి క్లర్క్‌ని అడిగాను. ఆవిడ రూల్సు పుస్తకం తిరగేసి చెప్పింది. ఒకసారి ఓటయిన విషయాన్ని మళ్ళీ తెరవాలంటే తర్వాతి మీటింగ్‌లోనే తెరవాలి, ఆ తర్వాత ఏడాది దాకా కుదరదు. నేను కొత్తగా అర్జీ పెట్టినా చెల్లదు. అడిగే హక్కు కౌన్సిల్లో అవునని చెయ్యెత్తిన ముగ్గురికే ఉంది. వాళ్ళలో వెస్లీ, సొంతంగా ఆ ప్రతిపాదన చేసినవాడు. ఇంకొకాయన ఫైర్ స్టేషన్‌ని ఆనుకునే కాపురం ఉంటున్నాడు. మిగిలింది చక్రపాణి గారు.

వెళ్ళి చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపారు.

"నావల్ల కాదమ్మా. నెల తిరక్కుండా మాట మార్చడం ఏం మర్యాద? అయినా పిల్ల నిద్ర పాడవుతుంది."

"పిల్లకి వేరే గది ఉందంకుల్, వెనకవైపు. మార్చేశాను."

"పోనీ, నువ్వడుగు. నేను సెకండ్ అంటాను."

"నాకు హక్కు లేదు! మీకే ఉంది. ఇన్నేళ్ళు ఈ ఊరికి ఏది అడిగితే అది చేశారు, వాళ్ళని ఒక్కటి అడగలేరా? అడగనిదే అమ్మైనా పెట్టదు అంకుల్."

"నాకోసం నేను అడగడం అలవాటు లేదమ్మా," అన్నారు. "ఏది కావాలన్నా భానుమతే అడిగేది."

జూన్ మీటింగ్ నాటికి కూడా ఆయన అడుగుతారో లేదో నాకు తెలియదు. ఊరివాళ్ళ వంతులో నేను లేచి, నా అర్జీ వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాను. డోనా మర్యాదగా థాంక్స్ చెప్పి, రాసుకోమంది. దానివల్ల ఒరిగేదేమీ లేదని ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. తర్వాత చెత్త డబ్బాల గొళ్ళేలు. సెకండ్, చక్రపాణి గారు. వంతెన దగ్గర గుంతలు. సెకండ్, చక్రపాణి గారు. నేను వెనక వరసలో కూర్చుని పళ్ళు నూరుతున్నాను.

"ఇంకేమైనా విషయాలున్నాయా?" అంది డోనా.

ఆయన బల్లమీద రెండు చేతులూ పెట్టి చూసుకుంటున్నారు. మీటింగ్ ముగిసిందని కొట్టడానికి డోనా చెక్క సుత్తి అందుకోబోయింది. అప్పుడు ఇంగ్లీషులో, పన్నెండు గంటల సైరన్ విషయం మళ్ళీ తెరవాలని ప్రతిపాదిస్తున్నానన్నారు. కారణం చెప్పమంటే, "మా ఆవిడకి అది ఇష్టం," అన్నారు. ఇష్టం ఉండేది అనలేదు. ఇష్టం అన్నారు.

"ఎవరైనా బలపరుస్తారా?" అంది డోనా.

ఎవరూ పలకలేదు. ఆ తర్వాత నేను చూసింది ఇప్పటికీ నమ్మలేను. కౌన్సిల్ మొత్తం తల తిప్పి ఆయనవైపే చూసింది. మేయరూ, సభ్యులూ, క్లర్కూ కూడా. పదకొండేళ్ళ అలవాటు, సెకండ్ అనే మాట ఆ కుర్చీలోంచే రావాలి. ఆయన కూడా, అంతమంది ఎదురుచూస్తుంటే పాపం ఆగలేక, "సెకండ్," అనేశారు.

ఎవరో నవ్వారు. "డాక్, నీ ప్రతిపాదనని నువ్వే బలపరచకూడదు," అంది డోనా, మెల్లగా.

ఆయన మొహం ఎర్రబడింది. సరే, పర్వాలేదన్నట్టు చెయ్యి ఊపి, ముందున్న కాగితాలు దొంతర పెట్టుకోవడం మొదలుపెట్టారు. ఇక లేచి వెళ్ళిపోతారని అర్థమైంది. అక్కడ కూర్చున్నవాళ్ళందరి మీదా నాకు కోపం ముంచుకొచ్చింది. మీ జ్వరాలకీ, మీ పురుళ్ళకీ ముప్పై ఏడేళ్ళు లేచొచ్చాడు ఈ మనిషి, ఒక్క మాట అనలేరా అని అరవబోయాను. అరిస్తే బయటికి పంపేవాళ్ళే.

"సెకండ్." వెస్లీ. ఆపమని అడిగిన వెస్లీయే. "ఇన్నాళ్ళూ డాక్ అనేవాడు కాబట్టి మాకెవరికీ ఆ పని పడలేదు," అన్నాడు, ఎవరికో సంజాయిషీ చెప్పుకుంటున్నట్టు.

నాలుగు చేతులు లేచాయి. ఫైర్ స్టేషన్ పక్కన కాపురమున్నాయన మాత్రం ఎత్తలేదు. ఆయన్ని తప్పుపట్టను.

సోమవారం నుంచి మళ్ళీ మొదలన్నారు. ఆదివారం సాయంత్రం అంకుల్ చొక్కా ఇస్త్రీ చేసుకోవడం కిటికీలోంచి కనబడింది. సోమవారం నేను ఆఫీస్ కాల్ మానేసి, అనికని ఎత్తుకుని మా వరండాలో నిలబడ్డాను. అక్కడినుంచి ఆ మెట్లన్నీ కనిపిస్తాయి. ఆయన గేటు దగ్గర ఉంటారనుకున్నాను. లేరు. కింద, ఒకప్పటి క్లినిక్ గుమ్మం ముందు, చొక్కా టక్ చేసుకుని నిలబడి ఉన్నారు. ఎప్పుడు దిగారో, ఎంతసేపు దిగారో.

కూత మొదలైంది. అనిక నా భుజమ్మీద ఉలిక్కిపడింది గానీ ఏడవలేదు.

ఆయన బయల్దేరారు. ఒక చేత్తో ఇనుప రెయిలింగ్ పట్టుకుని, మోకాలిమీద ఇంకో చెయ్యి వేసి, ఒక్కో మెట్టుమీద రెండు పాదాలూ పెట్టి ఎక్కుతున్నారు. తల మాత్రం పైకే ఉంది, గేటువైపు. నేను మెట్లు లెక్కపెడుతున్నాను. పది. పదిహేను. తొందరగా అంకుల్, తొందరగా అని పైకే అంటున్నాను. కూత సన్నగిల్లింది, కొండల్లో కాసేపు తిరిగి, ఆగిపోయింది.

ఆయన ఇరవై మూడో మెట్టు దగ్గరున్నారు.

అక్కడే ఆగిపోయారు. పైన గేటు మూసి ఉంది. దాన్నే చూస్తూ నిలబడ్డారు. నేను చెప్పులు కూడా వేసుకోకుండా, పిల్లతో సహా పరిగెత్తాను. ఆయన ఏడుస్తున్నారనుకున్నాను. దగ్గరికెళ్ళాక చూస్తే ఆయాసపడుతున్నారు, చొక్కా తడిసిపోయింది.

"అంకుల్, ఎందుకిలా? గేటు దగ్గరే కూర్చుని వినొచ్చు కదా, ఇన్నాళ్ళూ విన్నట్టు!"

"నోరు తెరిచి అడిగి తెచ్చుకున్నాను కదమ్మా," అన్నారు. "కూర్చుని వింటే ఏం బావుంటుంది? నేను వస్తానని ఆవిడ చూస్తుంది." ఊపిరి అందేదాకా ఆగి, నా భుజం పట్టుకుని తర్వాతి మెట్టుమీద కాలు పెట్టారు. "కూత ఆగితే లోపలికెళ్ళిపోతుంది. రేపు రెండు నిమిషాలు ముందే బయల్దేరతాను."